భారం ఎవరి భుజాన ఉందో ముందు చూడండి

న్యాయశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నానని చెబుతూ మీరు అడిగింది ఇది: భూమి, కులం, చదువు, డబ్బు ఇంత అసమానంగా పంపకమైన మన సమాజంలో చట్టం నిజంగా బలహీనుడికి న్యాయం చేయగలదా, లేక ఉన్నవాళ్ల ఆస్తికి కాపలా కాయడమే దాని అసలు పనా? కింది కోర్టులో ప్రాక్టీసు పెడితే ఎవరికైనా ఉపయోగం ఉంటుందా అన్నది మీ రెండో ప్రశ్న. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా కోర్టుల్లో, తహసీల్దారు కార్యాలయాల్లో, కార్మిక శాఖ మెట్ల మీద గడిపిన అనుభవంతో జవాబు చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఈ విషయంలో మీరు రెండు రకాల మాటలు విని ఉంటారు. రాజ్యాంగం అన్ని హక్కులూ ఇచ్చింది, వాడుకోవడం తెలియకపోతే తప్పు మనదే అనేది ఒకటి. చట్టమంటేనే పాలకుల పనిముట్టు, దానితో పేదవాడికి ఒరిగేదేమీ లేదనేది రెండోది. రెండింటిలోనూ కొంత సత్యం ఉంది. కాని రెండూ ఫైలు విప్పి చదివే శ్రమను తప్పిస్తాయి. ఏ చట్టం చేతికి వచ్చినా నేను పీఠికను పక్కన పెట్టి మూడు సంగతులు వెతుకుతాను. తగాదా వస్తే రుజువు చేయవలసింది ఎవరు? ఖర్చు పెట్టుకోవలసింది ఎవరు? తీర్పు వచ్చేదాకా నష్టపోతూ ఎదురుచూడవలసింది ఎవరు? ఈ భారాన్ని బలహీనుడి మీద నుంచి దించి బలవంతుడి మీదకు మార్చిన చట్టాలు ఎంతో కొంత పనిచేశాయి. భారాన్ని ఉన్నచోటే ఉంచి హక్కును మాత్రం ప్రకటించినవి గోడ మీద రాతలుగా మిగిలాయి.

మనకు దగ్గరి ఉదాహరణ చూడండి. ఏజెన్సీ ప్రాంతాల్లో భూబదలాయింపును అదుపు చేసే 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. వాడుకలో వన్ ఆఫ్ సెవెంటీ అంటాం. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరుడికి బదిలీ చేయకూడదన్న నిషేధం గురించే అందరూ మాట్లాడతారు. నా దృష్టిలో దాని అసలు బలం పక్కనే ఉన్న చిన్న నిబంధనలో ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి స్వాధీనంలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి బదిలీ ద్వారా వచ్చిందనే భావించాలి. కాదని నిరూపించుకోవలసిన బాధ్యత ఆ గిరిజనేతరుడిదే.

ఈ ఒక్క వాక్యం లేకపోతే ఏం జరిగేదో ఊహించండి. ఒక కోయ రైతు, చదువు లేదు, తాత పేరున పట్టా లేదు, ఆ భూమి ఎప్పుడు ఎలా చేయి దాటిందో చెప్పగలిగిన వాళ్లు చనిపోయారు. ఎదుటి పక్షం దగ్గర శిస్తు రసీదులు, అడంగల్ నకళ్లు, నోరున్న లాయరు ఉన్నారు. మామూలు సివిలు చట్టం ప్రకారం దావా వేసినవాడే రుజువు చేయాలి కనుక ఆ రైతు మొదటి వాయిదాకే ఓడిపోయినట్టు. భారం తిరగేయడంతో ప్రశ్న మారింది. నీ భూమి అని నువ్వు చూపించు అని రైతును అడగడం మాని, నీకు ఎలా వచ్చిందో నువ్వు చెప్పు అని అనుభవదారును అడగడం మొదలైంది. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. 1997లో సమత కేసులో ఇంకో అడుగు వేసింది. ప్రభుత్వం కూడా ఈ రెగ్యులేషన్ దృష్టిలో ఒక వ్యక్తే, కనుక షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గనుల కోసం గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. ఆ కేసు పుట్టింది విశాఖ జిల్లా అనంతగిరి కొండల్లో.

ఎగవేతలు లేవని నేను అనను. పాత తేదీ వేసిన సాదా కాగితాలు, గిరిజన మహిళ పేరున పెట్టిన బినామీ భూములు, ఆమెకే తెలియని అప్పుల పత్రాలు నేనే చూశాను. కేసు గెలిచినా స్వాధీనం దక్కని కుటుంబాలనూ చూశాను. అయినా అక్కడి రైతులు భూమి కేసుల్లో నిలబడగలిగిన చోట్ల ఆ నిబంధనే వాళ్ల కాళ్ల కింద నేల.

వెట్టిచాకిరి చట్టం కూడా ఇలాంటిదే. 1976 నాటి ఆ చట్టం వెట్టి కింద చూపే అప్పును మొత్తంగా రద్దు చేసింది. అది వెట్టి అప్పు అని కూలీ పక్షాన ఆరోపణ వస్తే, కాదని రుజువు చేయవలసింది అప్పిచ్చినవాడేనని 15వ సెక్షన్‌లో రాసింది. అంతటి చట్టం ఉన్నా, 1980ల మొదట్లో ఫరీదాబాద్ రాతి క్వారీల కూలీల కేసులో ప్రభుత్వమే ఒక వాదన తెచ్చింది. బలవంతంగా పని చేయిస్తుండవచ్చు, కాని అడ్వాన్సు తీసుకున్నట్టు రుజువు లేదు కనుక వీళ్లు వెట్టి కూలీలు కారని. 1983 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. బలవంతపు పని కనబడితే అది అడ్వాన్సు కోసమేనని భావించాలని, కాదని చూపవలసింది యజమాని, ప్రభుత్వమేనని తేల్చింది. అంతకు ముందు ఏడాది ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని చెప్పింది. ఆకలి ఒక మనిషిని తక్కువ కూలికి ఒప్పిస్తే ఆ ఒప్పందాన్ని స్వేచ్ఛగా చేసుకున్నది అనలేమన్నది దాని సారం. ఒప్పందం ముందు ఇద్దరూ సమానులే అన్న కట్టుకథను మన న్యాయస్థానం అంత సూటిగా పక్కన పెట్టిన సందర్భాలు ఎక్కువ లేవు. మీరు ఒప్పందాల చట్టం చదివేటప్పుడు ఈ తీర్పును పక్కన పెట్టుకుని చదవండి.

ఇంకా చిన్న ఉదాహరణలూ ఉన్నాయి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఎందుకు పెట్టావని అడిగే హక్కు అధికారికి లేదు. నిరాకరిస్తే అప్పీలులో ఆ నిరాకరణను సమర్థించుకోవలసింది అధికారే. భరణం కేసులో భర్త ఆదాయం ఎంతో భార్యే నిరూపించాలంటే ఆమెకు పే స్లిప్ ఎవరిస్తారు? 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరిస్తూ ప్రమాణపత్రం దాఖలు చేయాలని దేశమంతటికీ ఒకే నమూనా ఇచ్చింది. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే భరణం లెక్కించాలని కూడా చెప్పింది. వాయిదాల వల్ల కలిసివచ్చేది ఎవరికో తెలిసినవాళ్లకే ఈ రెండో మాట విలువ అర్థమవుతుంది. అంతకుముందు, ఉత్తర్వు తేదీ నుంచి లెక్కించిన కోర్టుల్లో, మూడేళ్లు సాగదీసిన భర్తకు మూడేళ్ల భరణం మిగిలేది.

ఇప్పుడు భారం తప్పుడు భుజం మీద ఉన్న చోటికి రండి. అది బెయిలు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం మన జైళ్లలో ఉన్నవాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. అంటే ఏ కోర్టూ ఇంకా దోషులని తేల్చని మనుషులు. వీళ్లలో బెయిలు రానివాళ్లు కొందరైతే, బెయిలు వచ్చీ బయటికి రాలేనివాళ్లు ఇంకొందరు. నా మనసును ఎక్కువగా కలచివేసేది ఈ రెండోవాళ్ల సంగతి. న్యాయాధికారి ఉత్తర్వు రాశారు, స్వేచ్ఛ కాగితం మీదకు వచ్చింది. కాని ఇద్దరు జామీనుదారులు, వాళ్ల ఇంటి పన్ను రసీదులు, ఆస్తి విలువ ధ్రువపత్రం కావాలి. వలస కూలీకి ఆ ఊళ్లో పలకరించే మనిషే ఉండడు, జామీను నిలబడేవాడు ఎక్కడ దొరుకుతాడు?

1978లోనే ఈ సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి బెయిలు ఇస్తే, కింది కోర్టు పదివేల రూపాయల జామీను అడిగింది. అతని సోదరుడు ముందుకు వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ షరతును తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద విడుదల చేయమన్నారు. మరుసటి ఏడాది హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ల సంగతి బయటపడింది. తమ మీద మోపిన నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం, విచారణే మొదలుకాకుండా కొందరు లోపల ఉండిపోయారు. సత్వర విచారణ, జీవించే హక్కునిచ్చే 21వ అధికరణంలో భాగమని ఆ కేసులోనే తేలింది. ఇవన్నీ మీ పాఠ్యపుస్తకంలో ఉన్నాయి. మీ జిల్లా కోర్టులో ఒక మధ్యాహ్నం కూర్చుంటే, స్థానిక జామీనుదారులు కావాలన్న షరతు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

ఎందుకిలా? గొప్ప తీర్పు సూత్రాన్ని ఇచ్చింది కాని, దాన్ని గుర్తుచేసే పనిని లోపల ఉన్న మనిషికే వదిలేసింది. ఆ మనిషికి లాయరే లేడు. ఇటీవల వచ్చిన మార్పుల్లో నాకు కొంత ఆశ కలిగించేవి సరిగ్గా ఈ పనిని చేతులు మార్చినవే. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెలలోగా జామీను పత్రాలు అందకపోతే కోర్టు తనంతట తానే షరతులను సడలించే విషయం పరిశీలించవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్, ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడుదల చేయాలంటోంది. ఆ గడువు పూర్తికాగానే కోర్టుకు దరఖాస్తు పెట్టవలసిన బాధ్యతను జైలు సూపరింటెండెంటు మీదే పెట్టింది. ఇది మంచి అడుగు. అదే సెక్షన్‌లో ఒకటికి మించి కేసులు ఉన్నవారికి ఈ వెసులుబాటు వర్తించదన్న మాట కూడా ఉంది. పోలీసులు ఒక సంచారజాతి యువకుడి మీద మూడు పాత దొంగతనాల కేసులు కూడా మోపడం ఎంత తేలికో తెలిసినవాళ్లు ఈ నిబంధన రాసి ఉండరు. రాసి ఉంటే అది ఇంకా ఘోరం.

ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు కనుక దాని దగ్గర కొంచెం ఆగుతాను. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. అప్పటికి అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం అమల్లోకి వచ్చి 35 ఏళ్లు, దాన్ని నేరంగా శిక్షించే 1955 చట్టం వచ్చి 30 ఏళ్లు. ఆ హత్యాకాండ తర్వాత చీరాలలో లేచిన ఉద్యమం, దేశంలో ఇతర చోట్ల జరిగిన ఘోరాల మీద వచ్చిన ఆందోళనలు కలిసి ఈ 1989 చట్టానికి దారి తీశాయి. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. 23 ఏళ్లు పట్టింది.

చట్టం వచ్చాక జరిగినది గుంటూరు జిల్లా చుండూరు హత్యాకాండ. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితుల పట్టుదల వల్ల ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టారు. ఈ సంగతిని చిన్నదిగా తీసుకోవద్దు. సాక్షులు రోజు కూలి వదులుకుని దూరపు పట్నానికి, బెదిరించినవాళ్ల బస్సులోనే ప్రయాణం చేసి వెళ్లే అవసరం తప్పింది. కోర్టే వాళ్ల దగ్గరికి వచ్చింది. 2007 జులైలో ఆ కోర్టు 21 మందికి జీవిత ఖైదు, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు, ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేకపోయిందని అందరినీ విడుదల చేసింది. ఆ రోజు మా బార్‌లో చాలామంది మౌనంగా కూర్చుండిపోయారు. ఘటనకూ మొదటి తీర్పుకూ మధ్య 16 ఏళ్లు గడిస్తే, సాక్షి జ్ఞాపకంలో గంటలూ నిమిషాలూ నిలుస్తాయా? ఆలస్యం ఎవరి వల్ల జరిగినా, దాని మూల్యం సాక్షి మాటల్లో తేడాల రూపంలో బాధితుల ఖాతాకే చేరుతుంది. కాలం కూడా ఒక రుజువు భారమే. అది ఏ సెక్షన్‌లోనూ రాసి ఉండదు.

2015 సవరణ ఈ పాఠాలలో కొన్నింటిని నేర్చుకుంది. ప్రత్యేక కోర్టులు, వీలైనంతవరకు అభియోగపత్రం దాఖలైన రెండు నెలల్లో విచారణ పూర్తి చేయాలన్న నిబంధన, నిందితుడికి బాధితుడు గానీ అతని కుటుంబం గానీ వ్యక్తిగతంగా తెలిసి ఉంటే కులం తెలుసనే భావించాలన్న నిబంధన వచ్చాయి. 15ఏ సెక్షన్ బాధితులకు, సాక్షులకు రక్షణతో పాటు ప్రతి దశలోనూ, బెయిలు విచారణలో కూడా, తమ మాట వినిపించుకునే హక్కు ఇచ్చింది. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన, ఎస్సీ ఎస్టీలు కాని అధికారులకు 4వ సెక్షన్ కింద శిక్ష ఉంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఈ చట్టం కింద అరెస్టుకు ముందస్తు అనుమతులు కావాలన్నప్పుడు, ఏప్రిల్ 2న దేశమంతటా దళితులు వీధుల్లోకి వచ్చారు. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చి పాత స్థితిని నిలబెట్టింది, 2020లో కోర్టు దాన్ని సమర్థించింది. కోర్టుల్లోనూ కోర్టుల బయటా ఎంత పోరాడితే ఒక సెక్షన్ నిలబడుతుందో ఆ రెండేళ్ల చరిత్ర చెబుతుంది.

ఆచరణలో ఈ చట్టం ఎక్కడ ఓడిపోతుందో చెబుతాను. ఫిర్యాదు రాసే బల్ల దగ్గర. బాధితుడు చెప్పేది ఒకటి, స్టేషన్ రైటర్ రాసేది మరొకటి. ఘటన జరిగిన చోటు పదిమందికీ కనిపించే స్థలమా, అక్కడ ఎవరెవరు ఉన్నారు, ఏ మాటలు అన్నారు అనే వివరాలు మొదటి కాగితంలో లేకపోతే రెండేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవే ఉరితాడవుతాయి. అదే రోజు ఎదుటి పక్షం బాధితుడి మీద కౌంటర్ కేసు పెడుతుంది. ఇక పెద్దమనుషులు వస్తారు, రెండు కేసులూ వదిలేసుకోండి అంటారు. తోటలో పని ఆగిపోతుంది, పశువుల దారి మూసుకుపోతుంది, కిరాణా అప్పు పుట్టదు. సాక్షులు ఎదురు తిరిగారని రికార్డులో ఒక్క ముక్క పడుతుంది. ఆ ముక్క వెనుక ఎన్ని నెలల ఆకలి ఉందో ఏ తీర్పులోనూ కనిపించదు.

ఆడపిల్లల ఆస్తి హక్కులో ఇదే కథ మరో రూపంలో నడుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే, కేంద్ర సవరణ కంటే ఇరవై ఏళ్ల ముందే, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. మనం గర్వపడవలసిన చట్టం అది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లను మాత్రం వదిలేసింది. 2005లో కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది, 2020లో సుప్రీంకోర్టు పుట్టుకతోనే హక్కు అని స్పష్టం చేసింది. మరి వాటా తీసుకున్న అక్కచెల్లెళ్లు మీ ఎరుకలో ఎంతమంది? నా దగ్గరికి వచ్చిన ఒకావిడ తండ్రి పోయిన పదకొండో రోజున అన్నయ్యలు చూపిన చోట సంతకం పెట్టింది, అది తన వాటా వదులుకుంటున్నట్టు రాసిన హక్కు విడుదల పత్రమని ఆరేళ్లకు తెలిసింది. దావా వేద్దామంటే ఇంకో చిక్కు. ఉమ్మడి అనుభవంలో ఉన్నానని చెప్పగలిగితే కోర్టు ఫీజు నామమాత్రం. నన్ను పూర్తిగా బయటికి నెట్టేశారని నిజం చెబితే వాటా విలువను బట్టి ఫీజు కట్టాలి. ఎక్కువ అన్యాయం జరిగినవాళ్లు ఎక్కువ కట్టాలన్నమాట. న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ మహిళకైనా ఉచిత న్యాయ సహాయం ఉందని, కోర్టు ఫీజు కూడా అందులో భాగమని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి, పారిశ్రామిక కార్మికులకు కూడా అదే సెక్షన్ వర్తిస్తుంది. అడగలేదు కనుక ఇవ్వలేదనడం కుదరదని 1986లో సుక్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉచిత లాయరును పెట్టుకునే హక్కు ఉందని నిందితుడికి చెప్పకుండా వేసిన శిక్షను కొట్టేసింది.

అందరినీ ఒకేలా చూస్తే చాలదా అని మీ మిత్రుడు వాదించారట. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు దాదాపు ఆ దృష్టితోనే మద్రాసు రాష్ట్రపు కులాలవారీ సీట్ల కేటాయింపును కొట్టేసింది. ఆ ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణతో, వెనుకబడినవారికి ప్రత్యేక ఏర్పాట్లకు వీలిచ్చే 15(4) అధికరణం వచ్చింది. మెట్లు ఎక్కలేనివాడికీ ఎక్కగలవాడికీ ఒకే తలుపు తెరిచి ఉంచి సమానత్వం అనలేమని రాజ్యాంగమే తేల్చింది. అయినా ఆ పాత దృష్టి పోలేదు. షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో వచ్చిన 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. నూరు శాతం అనే అంకె మీద న్యాయపరమైన అభ్యంతరం నాకు అర్థమవుతుంది. కాని కొండ మీది బడికి పంతులు రాక తాళం పడిన రోజులు ఆ తీర్పు చదువుతుంటే నా కళ్ల ముందు మెదిలాయి. ఆ తీర్పుతో నేను ఏకీభవించను.

ఇక్కడ ఒక హెచ్చరిక. భారం తిరగేయడమే మంచిదని నేను అన్నట్టు తీసుకోకండి. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టంలో 2008లో చేర్చిన బెయిలు నిబంధన చూడండి. పోలీసుల కాగితాలు పైకి నమ్మదగినట్టు కనిపిస్తే చాలు, బెయిలు ఇవ్వకూడదంటుంది. అక్కడా భారం మారింది, కాని ప్రభుత్వం భుజం మీద నుంచి జైల్లో ఉన్న మనిషి మీదకు. వ్యక్తికీ ప్రభుత్వానికీ మధ్య జరిగే తగాదాలో బలవంతుడు ఎప్పుడూ ప్రభుత్వమే. కనుక ఏ సెక్షన్‌లోనైనా భారం మారితే, ఎటు నుంచి ఎటు మారిందో చూడాలి.

ఇక అమలు చేసే మనిషి సంగతి. వెట్టి చట్టం దేశమంతటికీ ఒకటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి సాంఘిక సంక్షేమ శాఖ చూసిన కాలంలో ఆ చట్టానికి ఊళ్లలో కాళ్లు వచ్చాయి. కలెక్టరు స్థాయి మనిషి వెట్టివాడి గుడిసె ముందు కూర్చుని పేరు రాసుకుంటే, ఆ ఊరి భూస్వామికి వచ్చే సందేశం వేరు. మంచి అధికారి బదిలీ అయ్యాక మిగిలేది ఆ పేరు నమోదైన కాగితమే. అందుకే రాయించుకోవడం మీద నాకు అంత పట్టుదల.

లోక్ అదాలత్ గురించి కూడా ఒక మాట. ఖర్చు లేదు, త్వరగా తేలుతుంది, చాలా తగాదాలకు మంచిదే. కాని అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. కాలు పోయిన కూలీ, బీమా సంస్థ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు, ఎక్కువ కాలం ఎదురుచూడలేనివాడే ముందు తగ్గుతాడు. మీ కక్షిదారుకు పూర్తి విచారణలో ఎంత రావచ్చో లెక్క వేసి చెప్పకుండా రాజీ మీద సంతకం పెట్టించకండి.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. కింది కోర్టుకే రండి. రాజ్యాంగ సూత్రాలు పైకోర్టుల్లో తేలతాయి, నిజమే. కాని పైకోర్టు చూసేది కింద తయారైన రికార్డునే. మొదటి ఫిర్యాదులో ఏముంది, ఏ సాక్షిని ఎప్పుడు విచారించారు, ఏ పత్రం గుర్తు వేయించారు అన్నవి సరిగా లేకపోతే ఢిల్లీలో ఎంత గొప్ప లాయరు నిలబడినా పెద్దగా చేయగలిగింది ఉండదు. ఎన్‌రోల్ కాగానే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌కు దరఖాస్తు పెట్టండి, జైలు సందర్శన మీకు ఇమ్మని అడగండి. ఫిర్యాదు ఏదైనా, సంతకం లేదా వేలిముద్ర వేయించే ముందు, రాసింది తెలుగులో ఆ మనిషికి చదివి వినిపించండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన చట్టంలోనే ఉంది, ఇప్పించకుండా స్టేషన్ వదలకండి. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగులో వెలువరించినప్పుడు చాలామంది దాన్ని వేడుకలా చూశారు. తన కేసులో ఏం జరిగిందో పక్కవాడిని అడిగి తెలుసుకునే అవస్థ కూడా భారమేనని నా కక్షిదారుల ముఖాల్లో చూసి నేర్చుకున్నాను.

కొన్నేళ్ల కిందట జైలు సందర్శనలో ఒక యువకుడు కనిపించాడు. సెల్‌ఫోను దొంగతనం కేసు, బెయిలు వచ్చి నాలుగు నెలలు దాటింది. ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చినవాడు. బెయిలు వచ్చిన సంగతే అతనికి తెలియదు, ఉత్తర్వు నకలు జైలు ఫైలులోనే ఉంది. జామీను షరతు సవరించమని ఒకటిన్నర పేజీ పిటిషన్ రాశాను, మోతీరామ్ తీర్పు ఒక పేరాలో ఉదహరించాను. న్యాయాధికారి పది నిమిషాలు విని, సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. మరుసటి రోజు సాయంత్రం బయటికి వచ్చాడు. ఊరికి వెళ్లే రైలు ఎన్నింటికి అని గేటు దగ్గర కానిస్టేబుల్‌ను అడిగాడు. ఆ పిటిషన్ నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. తేదీలు, పేర్లు మారిస్తే చాలు, కావాలంటే మీకు పంపిస్తాను.